గోడకెక్కిన బొంత

ఈ ఏడాది మన సంఘ సభ్యుల ఇళ్ళలో మూడు సీమంతాలు జరిగాయి. మూడింటికీ వెళ్ళాం, మూడు చోట్లా పులిహోర తిన్నాం, మూడు చోట్లా గాజులు తొడిగించుకుని కూర్చున్న పిల్ల పక్కన చేరి ఒకే ప్రశ్న విన్నాం. "పాప గది అలంకరణకి ఎంతవుతుందంటారు?" ఒకమ్మాయి చేతిలో ఒక దుకాణం వారి రంగుల పుస్తకం కూడా ఉంది. గోడ బొమ్మలు, కర్టెన్లు, తలపైన తిరిగే బొమ్మలు, వాటికి జోడీ దుప్పటి, అన్నిటి మీదా ఒకే ఏనుగు. మొత్తం కూడితే, మేం ఈ దేశానికి వచ్చిన కొత్తలో కొన్న మొదటి కారు ధర తేలింది.

2023లో మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు మేమిద్దరం డెట్రాయిట్ నుంచి కొలంబస్ వెళ్ళి, పుట్టబోయే బిడ్డ గదిని 40 డాలర్ల లోపు అలంకరించి వచ్చాం. ఆ సంగతి ఎవరో చెప్పగా విని, సంపాదకవర్గం వారు రాయమన్నారు. రాస్తున్నాం గానీ, అన్నీ మొదటిసారే కుదిరాయని పాఠకులు అనుకోవద్దు. మాలో కుట్టు వచ్చినవారు ఒక్కరే. రెండోవారి పని కత్తిరించడం, మేకులు కొట్టడం, అడగకుండా సలహాలివ్వడం. పైగా ఒక బొంత విషయంలో తల్లీకూతుళ్ళ మధ్య రెండు రోజులు మాటలు లేవు. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసంలో సగం పోతుంది.

అసలు పసిబిడ్డకో గది అన్నది మనకి కొత్త. మన ఊళ్ళల్లో తల్లి ఎక్కడ పడుకుంటే బిడ్డ అక్కడే. దూలానికి ఉయ్యాల, కింద చాప, పక్కన అమ్మమ్మ. ఇక్కడికొచ్చాక బిడ్డ పుట్టకముందే గది, గదికి రంగు, రంగుకి తగ్గ కర్టెను. తమాషా ఏమిటంటే, ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు, కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలంటున్నారు. అయితే వాళ్ళ మంచం మీద కాదు, తన పడక మీద. కాబట్టి మనం అలంకరించే గది మొదట్లో రాత్రి పడకకు కాదు. డైపర్ మార్చడానికి, పాలివ్వడానికి, పగటిపూట చాప మీద ఆడుకోవడానికి. ఇది ముందే తెలుసుకుంటే ఏ గోడకి ఏం కావాలో తెలుస్తుంది. ఖర్చు అక్కడే సగం తగ్గుతుంది.

ఇంకో చిక్కు. బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని మన పెద్దలు అంటారు. మొదటి గుడ్డ పాతదే కావాలంటారు. మా అమ్మాయి వీటిని నమ్మదు. మేం నమ్మామని చెప్పుకోం, వదలనూ లేం. చివరికి ఒక దారి దొరికింది. కొనకూడదన్నారు గానీ కుట్టకూడదని ఎవరూ అనలేదు కదా! క్రిబ్బు సంగతి పిల్లలు చూసుకున్నారు. గోడలు మాకు వదిలేశారు.

ఇప్పుడు బొంత కథ. 1988లో మా అమ్మాయి పుట్టినప్పుడు తెనాలి దగ్గర పల్లెలో ఉన్న అమ్మమ్మ రాలేకపోయింది. రాలేనందుకు బదులుగా, తన నూలు చీరలు ఏడింటిని పొరలు వేసి, ఆ ఎండాకాలమంతా చేత్తో కుట్టి ఒక బొంత చేసి, ఇటు వస్తున్నవారి పెట్టెలో పంపింది. నీలం గళ్ళ చీర ఆవిడ రోజూ వంటింట్లో కట్టుకున్నది. దాని కొంగు మీద పసుపు మరక ఇప్పటికీ ఉంది. ఆ బొంత పరిచిన క్రిబ్బు మేం ఒకరింటి గరాజ్ సేల్లో 15 డాలర్లకి కొన్నది. ఒక పక్క కిందికి జారే రకం. పాత రంగు గరుకు కాగితంతో గీకి, కొత్తగా నీలం రంగు వేసి, చాలా పొదుపు చేశామని పొంగిపోయాం. ఇళ్ళకి వేసే సీసపు రంగులను ఈ దేశంలో 1978లోనే నిషేధించారు. మేం గీకినది అంతకు ముందుదో తర్వాతదో అడగాలని కూడా మాకు తోచలేదు. గీకిన పొడి ఆ గదిలోనే రాలింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ముప్ఫై అయిదేళ్ళు నాఫ్తలీన్ ఉండల మధ్య దాచిన ఆ బొంతని 2023లో పెట్టెలోంచి తీసి, ఉతికి, మడిచి, పళ్ళెంలో పెట్టినంత శ్రద్ధగా కొలంబస్ తీసుకువెళ్ళాం. అమ్మాయి చూసి ముచ్చటపడింది. తర్వాత, "అమ్మా, క్రిబ్బులో మాత్రం వెయ్యకూడదు. పరుపు, దాని మీద బిగుతుగా దుప్పటి, అంతే. ఇంకేమీ ఉండకూడదు" అంది.

"నువ్వు దీన్లోనే పెరిగావే!"

"నేను పెరిగానమ్మా. పెరగని పిల్లల్ని మీరు చూడలేదు."

అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. ఆ మాట తర్వాత ఇంట్లో రెండు రోజులు గిన్నెల చప్పుడు తప్ప మరేమీ లేదు. బొంత సోఫా మీద మడిచినట్టే ఉంది.

రెండు రోజుల్లో మేం తెలుసుకున్నది ఇది. 1988లో ఇక్కడి వారు బిడ్డను బోర్లా పడుకోబెట్టమనేవారు. మేం అలాగే చేశాం. 1992లో డాక్టర్ల సంఘం ఆ మాట మార్చుకుంది. 1994 నుంచి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం జరిగింది. కారణం తెలియకుండా నిద్రలోనే పసిబిడ్డలు పోవడం ఆ తర్వాత సగానికి పైగా తగ్గింది. మెత్తటి దుప్పట్లు, దిండ్లు, బొంతలు, బొమ్మలు ముఖానికి అడ్డుపడి ఊపిరి ఆడనివ్వవని తేలింది. పక్క జారే క్రిబ్బులను 2011 జూన్ 28 నుంచి అమ్మకూడదన్నారు, గరాజ్ సేల్లో కూడా. క్రిబ్బు చుట్టూ కట్టే మెత్తల వరుసను 2022లో చట్టం చేసి నిషేధించారు. అదే మెత్తల వరుసను మేం కొత్తగా కుట్టిపెడదామని గుడ్డ కొలిచి కూడా ఉంచాం!

కాబట్టి మా అనుభవంలో పొదుపుకి హద్దు క్రిబ్బు దగ్గర. క్రిబ్బులో చేతిపని వద్దు, పాతది వద్దు. ఆ తర్వాత గదిలో మిగిలిన చోటంతా మనదే.

మూడోరోజు పొద్దున ముగ్గుతో మొదలుపెట్టాం. ముగ్గెందుకంటే, పుట్టిన బిడ్డకి 8 నుంచి 12 అంగుళాల దూరంలో ఉన్నదే కొంచెం తేటగా కనబడుతుంది. అంటే ఎత్తుకున్న తల్లి ముఖం ఉన్నంత దూరం. లేత గులాబి, లేత నీలం రంగులు పెద్దవాళ్ళ ముచ్చటకే. బిడ్డకి తెలుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు బాగా ఆనుతాయి. ఆ మాట వినగానే మాకు మట్టి వాకిలి మీద తెల్లటి ముగ్గు గుర్తొచ్చింది. 18 అంగుళాల చదరం నల్లగుడ్డ తెచ్చి, తెల్లదారంతో గొలుసుకుట్టు వేసి, అయిదు చుక్కల మెలికల ముగ్గు మూడు సాయంత్రాలు కుట్టాం. చాలా అందంగా వచ్చింది. అమ్మాయి దాన్ని చూసి, "ఇంత సన్నగీత పాపకి కనబడదమ్మా, గుడ్డంతా బూడిదరంగు మచ్చలా ఉంటుంది" అంది. మూడు సాయంత్రాల పని హాల్లో గోడకి పోయింది.

రెండోసారి దారం మానేసి అర అంగుళం వెడల్పు తెల్ల బయాస్ టేపు వాడాం. ఏటవాలుగా కత్తిరించిన పట్టీ కాబట్టి ఎటు తిప్పితే అటు వంగుతుంది. మామూలు రిబ్బను మెలిక దగ్గర ముడతపడుతుంది. టైలరు సుద్దతో మూడు చుక్కలు మూడు వరుసలు పెట్టి, చుట్టూ మెలిక గీసి, గీత మీద టేపుని గుండుసూదులతో నిలిపాం. కుట్టేటప్పుడు వంపు లోపలి అంచు ముందు కుట్టాలి, బయటి అంచు తర్వాత. తలకిందులుగా చేస్తే లోపలి వైపు కుచ్చిళ్ళు వస్తాయి. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిచ్చాం. గుండుసూదులు ఎన్ని గుచ్చామో లెక్క రాసుకుని, తీసినప్పుడు మళ్ళీ లెక్కపెట్టాం. ఈ లెక్క మాత్రం ఎవరూ మానవద్దు. డైపర్ మార్చే బల్ల పక్కగోడకి, పడుకున్న బిడ్డ తల తిప్పితే కనబడేలా, నాలుగు అంచులూ బిగించి పెట్టాం.

ఫోన్లో చూసిన ఒక పెద్దావిడ, "పురిటిబిడ్డ గదిలో నల్లగుడ్డ ఏమిటమ్మా?" అన్నారు. "మరి దిష్టిచుక్క ఏ రంగండీ?" అన్నాం. ఆవిడ నవ్వారు. గండం గడిచింది.

మా పెట్టె అడుగున ఒక తేలియా రుమాలు ముక్క కూడా ఉంది. ఒకప్పుడు చీరాలలో నేసిన ఈ రుమాళ్ళను పుట్టపాక నేతగాళ్ళు నిలబెట్టారు. నూలును నూనెలోను, బూడిద నీళ్ళలోను నానబెట్టి తయారుచేస్తారు కాబట్టి ఆ పేరు. సంప్రదాయంగా వాడేవి ఎరుపు, నలుపు, తెలుపు. పసికళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? చినిగిన అంచు తీసేసి, ఎంబ్రాయిడరీ చట్రంలో బిగించి ముగ్గు పక్కన పెట్టాం. అయిదు నిమిషాల పని.

చిలకలకి మాత్రం ఎక్కువ తంటాలు పడ్డాం. మన గుమ్మాలకి కట్టే గుడ్డ చిలకల తోరణం అందరికీ తెలిసినదే. పాత జాకెట్టు ముక్కలతో అయిదు చిలకలు చేద్దామనుకున్నాం. చేనేత గుడ్డ రంగు దిగుతుంది కాబట్టి నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతికాం. అట్టమీద మామిడిపిందె ఆకారం 5 అంగుళాల పొడవున గీసి కత్తిరిస్తే మూస సిద్ధం. రెండు ముక్కలు లోపలివైపు బయటికి పెట్టి కుట్టి, అంగుళంన్నర సందు వదిలి, వంపుల దగ్గర అంచుని చిన్న చిన్న గాట్లు పెట్టి తిరగెయ్యాలి. గాట్లు పెట్టకపోతే చిలక మెడ దగ్గర ముడుచుకుపోయి కోడిపిల్లలా తయారవుతుంది. మాకు ఒకటి అలాగే అయింది. లోపల పాత దిండులోని పాలియెస్టర్ దూది నింపాం. ముక్కుకి ఎర్ర ఫెల్టు ముక్క రెండు గుడ్డల మధ్య పెట్టి కుట్టాం.

కళ్ళకి పూసలు కుట్టబోతే అమ్మాయి ఆపింది. నిజమే, మన తోరణాల అందమంతా పూసలు, గజ్జెలు, అద్దాలు. ఊడితే అవన్నీ నేరుగా బిడ్డ నోట్లోకే పోతాయి. టాయిలెట్ కాగితం చుట్టిన అట్టగొట్టంలోంచి పట్టిపోయే వస్తువేదైనా పసిబిడ్డ గొంతుకు అడ్డుపడవచ్చునని ఇక్కడి తల్లుల కొలత. కళ్ళు నల్లదారంతో కుట్టేశాం, గజ్జెలు మానేశాం.

పది అంగుళాల చెక్కచట్రానికి అయిదు చిలకలూ సమదూరంలో కట్టి, సీలింగు లోపలి కర్ర ఎక్కడుందో వెతికి పట్టుకుని, దానిలోకి కొక్కెం తిప్పి, ఆటచాప మీదుగా వేలాడదీశాం. దూరంగా నిలబడి చూస్తే కన్నులపండువగా ఉంది. మేకులు కొట్టే వ్యక్తి ఊరుకోక, "పాప నిలబడి చూస్తుందా, పడుకుని చూస్తుందా?" అని చాప మీద వెల్లకిలా పడుకున్నారు. అక్కడినుంచి చిలకలు లేవు. అయిదు కుట్లు, అయిదు ముక్కుకొనలు! దుకాణాల్లో అమ్మే చాలా బొమ్మలదీ ఇదే తంతు అని తర్వాత గమనించాం. గుమ్మంలో నిలబడి డబ్బిచ్చే వాళ్ళకి కనబడేలా కడతారు, కింద పడుకున్న వాళ్ళకి కాదు.

అందుకని దారాన్ని చిలక వీపునుంచి విప్పి, ఒక చెంప దగ్గర, ఒక తోక దగ్గర కట్టి, చిలకని పక్కకి ఒరిగించాం. ఇప్పుడు చిలక నిండు ఆకారం కిందికి తిరిగింది. ఆ వైపున పోచంపల్లి దిండుగలేబు నుంచి తీసిన నల్లతెల్ల ముక్కలు అతికి కుట్టాం. గుమ్మంలోంచి చూసేవాళ్ళకి మాత్రం అయిదు చిలకలూ మూర్ఛపోయినట్టు కనబడతాయి. వచ్చినవాళ్ళల్లో సగంమంది "చిలకలు పడిపోయాయండీ" అని సరిచెయ్యబోయారు. మూడో నెల వచ్చి, దూరం చూపు, రంగులు కుదిరాక గానీ పాప వీటిని పట్టించుకోలేదు. అందుకే ముందు ముగ్గు, తర్వాత చిలకలు. దారాలు పొట్టివిగా, చేతికందని ఎత్తులో ఉండాలి. బిడ్డ చేతులూ మోకాళ్ళమీద లేవడం మొదలుపెట్టగానే, సుమారు అయిదో నెలకి, ఇవి కిందినుంచి తీసేయాలి. మా చిలకలు అప్పుడు వాటి అసలు చోటికి, ఎత్తుగా ఇంటి గుమ్మం పైకి వెళ్ళిపోయాయి.

ఇక్కడివాళ్ళు గోడమీద పాప పేరు పెద్ద అక్షరాలతో పెడతారు. మనకి బారసాలదాకా పేరుండదు. కాబట్టి సీరియల్ డబ్బాల అట్టతో తెలుగు అక్షరాలు కత్తిరించి, చీర అంచులు అతికించి, గోడ పాడవకుండా ఊడొచ్చే అంటుడు పట్టీలతో పెట్టాం. మన అక్షరాలు గుండ్రం, లోపలి సున్నాలు కత్తిరించాలంటే ఓపిక కావాలి. అ, ఆ, ఇ, ఈ చాలుననుకుంటే, మా అమ్మాయి ఋ కావాలని పట్టుబట్టింది. చిన్నప్పుడు మన ఆదివారం బడిలో ఆ అక్షరమంటేనే ఆమెకి ఇష్టమట. మాకు ఇన్నేళ్ళకి తెలిసింది. తెలుగు చదవడం రాని మా అల్లుడు దాన్ని నత్త అనుకున్నాడు.

బొంత సంగతికి వస్తాం. అక్షరాలు అతికిస్తున్న రోజున అమ్మాయే దాన్ని సోఫా మీదనుంచి తెచ్చి, కుర్చీ ఎదుటి గోడకి రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, "ఇక్కడైతే పాలిచ్చేటప్పుడు నేను చూస్తుంటాను" అంది. క్రిబ్బు ఆ గోడకి దూరంగా, కిటికీకీ దూరంగా ఉంది. వాళ్ళ అమ్మ ఏమీ అనలేదు. సూదీదారం తెచ్చుకుంది.

ఏడు చీరల బొంత బరువు. మూలల్లో మేకులు కొడితే పాత నూలు చిరుగుతుంది. డ్రైవాల్ కూడా మేకు ఆపదు. మేం చేసినది ఇదీ. బొంత వెనక పై అంచు పొడవునా, 4 అంగుళాల వెడల్పు గొట్టంలా గుడ్డ తొడుగు కుట్టాం. కుట్టు వెనక పొరలనే పట్టుకోవాలి, ముందువైపు కనబడకూడదు. తొడుగులో గుండ్రటి కర్ర దూర్చి, ఆ కర్రని రెండు ఆధారాల మీద నిలిపాం. ఆధారాల మరలు గోడ లోపలి నిలువు కర్రల్లోకే దిగాలి. ఈ దేశపు ఇళ్ళల్లో అవి సాధారణంగా 16 అంగుళాలకొకటి ఉంటాయి. గోడమీద వేలితో తడితే బోలు శబ్దం మారినచోట కర్ర ఉన్నట్టు. మేం మొదట బోలుగా ఉన్నచోటే రెండు కన్నాలు చేశాం. అవి బొంత వెనక దాగిపోయాయి కాబట్టి ఎవరికీ తెలియదు, ఈ పత్రిక చదివేదాకా. ఎండ నేరుగా పడితే నూలు వెలిసిపోతుందని కిటికీ లేని గోడే ఎంచుకున్నాం. నాలుగైదు చోట్ల అమ్మమ్మ కుట్లు ఊడిపోయి ఉంటే వాటిని తిరిగి వేశాం. ఆవిడ టాకాలు పొడుగు, మావి పొట్టి. దగ్గరికెళ్ళి చూస్తే ఎవరివేవో తెలిసిపోతాయి. పసుపు మరక ఉన్న కొంగు కిందికి, కంటికి ఎదురుగా వచ్చింది. మార్చబోతే అమ్మాయి వద్దంది.

ఖర్చు లెక్క అడిగారు కాబట్టి రాస్తున్నాం. నల్లగుడ్డ 4 డాలర్లు, బయాస్ టేపు 5, చట్రాలు రెండు 6, కర్ర, దాని ఆధారాలు 11, అంటుడు పట్టీలు 6, ఫెల్టు 3, కొక్కెం 1. మొత్తం 36, పైన పన్ను. చీరలు, జాకెట్లు, అట్టలు ఇంట్లోవే. పెట్రోలు కలపలేదు.

పాప పుట్టింది. 21వ రోజున బారసాల చేశాం. మామిడాకులు దొరకక ఆకుపచ్చ ఫెల్టుతో ఇరవై ఒక్క ఆకు కత్తిరించి గుమ్మానికి కట్టాం. డైపర్ మార్చేటప్పుడు మొదట గుక్కపట్టి ఏడ్చిన పిల్ల, తల ముగ్గువైపు తిరిగితే ఏడుపు ఆపి చూసేది. ఎందుకు చూసేదో మేం చెప్పలేం గానీ, అల్లుడు మాత్రం ఆ బల్ల దగ్గరే తెలుగు ముగ్గు వెయ్యడం నేర్చుకున్నాడు. ఏడాది నిండాక పాప గోడదగ్గరికి తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి, బొంత కింది అంచు పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది. ఆ వారమే కర్రని అడుగుంబావు పైకి జరిపించాం.

మిగిలిన గుడ్డముక్కలు ఒక సంచెడు, చిలక మూస, మూడు చుక్కల ముగ్గు కాగితం మా దగ్గర ఉన్నాయి. వచ్చే నెల సమావేశానికి తెస్తాం. కావలసినవారు భోజనాల తర్వాత వెనక బల్ల దగ్గరికి రండి. కత్తెరలు ఎవరివి వారు తెచ్చుకోవాలి. గుండుసూదులు మేమే లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాం.